రోజూ నడిపే కారుకు రేసింగ్ క్లచ్ ఎందుకు?

ప్రశ్న: నాది 1992 మజ్డా మియాటా, 1.6 లీటర్ ఇంజిన్. న్యూజెర్సీలో రోజూ ఆఫీసుకు అందులోనే వెళ్తాను. క్లచ్ జారుతోంది. ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి కదా, రేసింగ్ క్లచ్, కాయిలోవర్లు వేయించమంటారా?

జవాబు: రేసింగ్ క్లచ్ జోలికి వెళ్లకండి. దాని సెరామిక్ ముక్కల డిస్క్ మెల్లగా పట్టదు, పట్టిందంటే ఒక్కసారిగా పట్టేస్తుంది. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలేటప్పుడు బండి గుంజుతూ అదురుతుంది. 1.8 లీటర్ మియాటా ఫ్లైవీల్, క్లచ్ సెట్ మీ ఇంజిన్‌కు చక్కగా సరిపోతాయి. డిస్క్ 200 మిల్లీమీటర్ల నుంచి 215కి పెరుగుతుంది, పెడల్ మాత్రం బండబారదు. ఆర్గానిక్ లైనింగ్, మధ్యలో స్ప్రింగులు ఉన్నదే తీసుకోండి. రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ అప్పుడే మార్పించండి. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కారుతుంటే కొత్త క్లచ్ కూడా జారుతుంది, అదీ చూడమనండి.

చవక కాయిలోవర్లు వద్దే వద్దు. మియాటాలో సస్పెన్షన్ కదలిక అసలే తక్కువ. కాయిలోవర్లతో కారును ఇంకా కిందికి దించితే ప్రతి గుంతలోనూ బంప్‌స్టాప్‌కు కొట్టుకుని నడుము విరుగుతుంది. ముందు పాత రబ్బరు బుష్‌లు మార్చి, కోనీ సర్దుబాటు షాక్‌లు వేయించండి. బుష్ బోల్టుల చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.