పాత ఐ7 చవకగా వస్తే తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్‌లో చేరాడు. తెలిసినవాళ్లు వాడిన కోర్ ఐ7-7700కె ప్రాసెసర్ చవకగా ఇస్తామంటున్నారు. మిగతావి కొని కంప్యూటర్ కట్టించమంటారా, కొత్తదే కొనమంటారా?

జవాబు: చిప్ ఒక్కటే ఇస్తుంటే వద్దండి. 2017 జనవరిలో వచ్చినప్పుడు అది మేటి ప్రాసెసరే. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100లోనూ సరిగ్గా అన్నే ఉన్నాయి, పైగా వేగం ఎక్కువ, కరెంటు తక్కువ. ఐ7 అన్న పేరు చూసి మురిసిపోకండి.

అసలు చిక్కంతా మదర్‌బోర్డుతోనే. దీనికి 200 సిరీస్ బోర్డు కావాలి, లేదా బయాస్ అప్‌డేట్ చేసిన 100 సిరీస్ బోర్డు. 300 సిరీస్ బోర్డుల సాకెట్ పేరూ ఎల్‌జీఏ 1151నే. చిప్ అందులో చక్కగా కూర్చుంటుంది, కానీ సిస్టమ్ మాత్రం నడవదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. సరైన బోర్డు ఇప్పుడు దొరికితే సెకండ్ హ్యాండ్‌లోనే, అదీ చాలాసార్లు వారంటీ లేకుండా. కూలర్ కూడా విడిగా కొనాలి. గుర్రం కంటే జీను ఖరీదైనట్టు అవుతుంది.

విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో ఈ చిప్ లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లైనక్స్ అయితే హాయిగా నడుస్తుంది.

బోర్డు, ర్యామ్, క్యాబినెట్‌తో సహా మొత్తం సిస్టమ్ అదే ధరకు ఇస్తామంటే మాట వేరు. ఎదురుగా కాసేపు నడిపించి చూసి తీసుకోండి. లేదంటే ఐ3-12100 గానీ, ఆరు కోర్ల రైజెన్ 5 5600 గానీ వారంటీతో కొనండి.