కరెంటు పోయినప్పుడు దొరికిన ఇండోనేషియా

గుండుగొలను అంటే మీలో చాలామందికి హైవే మీద కనిపించే ఒక బోర్డు, అంతే. ఏలూరు దాటాక, భీమడోలు ఇంకా రాకముందు వస్తుంది. దక్షిణంగా వెళ్తే చేపల చెరువులు, అవి దాటితే కొల్లేరు. అది మా తాతయ్యగారి ఊరు. పోయిన వేసవి సెలవుల్లో అక్కడ నేను పెట్టుకున్న రేడియో గురించి రాస్తున్నా. నాది ఇంగ్లీష్ మీడియం చదువు, ఒత్తులు తప్పితే సర్దుకుపోండి.

మామూలు రేడియోలో స్టేషన్ని ఎంచుకోవడం, వడకట్టడం, మాటగా మార్చడం అన్నీ కాయిల్సు, కెపాసిటర్లు చేస్తాయి. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో యాంటెన్నా మీద పడ్డ వోల్టేజీని వీలైనంత తొందరగా అంకెలుగా మార్చేసి, మిగతా పనంతా కోడ్‌కి అప్పగిస్తారు. అంటే మన సబ్జెక్టే! నేను కొన్నది ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వెర్షన్ 3 అనే డాంగిల్. పెన్‌డ్రైవ్ కంటే కొంచెం లావు. అందులోని చిప్ అసలు కంప్యూటర్లో టీవీ చూడటానికి చేసింది. అది వడకట్టని శాంపిల్స్ కూడా బయటికి ఇస్తుందని 2012 ప్రాంతంలో కొందరు కనిపెట్టాక చవక రేడియోల కాలం మొదలైంది.

ఈ డాంగిల్ మామూలుగా 24 మెగాహెర్ట్జ్ పైన పనిచేస్తుంది. దూరదేశాలు వినాలంటే అంతకంటే కిందికి, షార్ట్ వేవ్‌లోకి రావాలి. దానికి సాఫ్ట్‌వేర్‌లో డైరెక్ట్ శాంప్లింగ్, క్యూ బ్రాంచ్ అని ఎంచుకోవాలి. అప్పుడు సిగ్నల్ 28.8 మెగాహెర్ట్జ్ వేగంతో నేరుగా అంకెలవుతుంది. నైక్విస్ట్ గుర్తున్నాడా? సగం 14.4. నాకు కావాల్సింది 14.074, అంటే గీతకి ఆనుకునే ఉంది. గీతకి అవతల 14.726 దగ్గర ఏదైనా గట్టిగా అరిస్తే అది కూడా మడతపడి నా మీదే పడుతుంది. పరీక్షలో రెండు మార్కులకి రాసి మర్చిపోయిన విషయం ఇలా ఎదురొస్తుందని అనుకోలేదు.

ఇంకోటి, ఇందులో ఉన్నది 8 బిట్ల కన్వర్టర్, అంటే 256 మెట్లు మాత్రమే. తాతయ్య ఏళ్ల తరబడి విన్న విజయవాడ ఆకాశవాణి, 837 కిలోహెర్ట్జ్, అలాంటి బలమైన మీడియం వేవ్ స్టేషన్ ఒకటి దగ్గర్లో ఉంటే ఆ మెట్లన్నీ అదే ఆక్రమించేస్తుంది. మీడియం వేవ్‌ని ఆపే చిన్న ఫిల్టర్ యాంటెన్నాకీ డాంగిల్‌కీ మధ్య పెట్టుకోవడం మంచిది.

యాంటెన్నా మాత్రం తేలిక. ఇంటి వైరింగ్‌కి వాడే రాగి తీగ రెండు ముక్కలు, ఒక్కొక్కటి 5 మీటర్ల 8 సెంటీమీటర్లు. రెండూ కలిపితే 14 మెగాహెర్ట్జ్‌కి సగం తరంగం పొడవు. నైలాన్ తాడుతో రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టి, మధ్యలోంచి డిష్ టీవీ కేబుల్ దింపాను. ఆ కేబుల్ 75 ఓమ్స్, డాంగిల్ 50. వినడానికి మాత్రమే కాబట్టి ఆ తేడాని పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ 2017లో వచ్చింది. దాని పేరులో ఎఫ్ స్టీవ్ ఫ్రాంకీది, టీ జో టేలర్‌ది. టేలర్‌గారు 1993లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్న ఖగోళ శాస్త్రవేత్త. ఈ మోడ్‌లో మైనస్ 21 డెసిబెల్స్ దాకా సిగ్నల్ దొరుకుతుంది. అంటే 2500 హెర్ట్జ్ వెడల్పులో ఉన్న రొదలో సిగ్నల్ దాదాపు 125వ వంతు. చెవికి ఏమీ వినపడదు. మరి ఎలా?

ద్వారకా తిరుమల కల్యాణం రోజు జనంలో మిమ్మల్ని ఎవరో పిలుస్తున్నారనుకోండి. వినపడదు. కానీ సరిగ్గా ఫలానా సెకనుకి, ఫలానా శ్రుతిలో, ముందే ఒప్పుకున్న పదాల్లోనే పిలుస్తారని తెలిస్తే? ఎఫ్‌టీ8 చేసేది అదే. ఎనిమిది స్వరాలు, ఒక్కో స్వరం 6.25 హెర్ట్జ్ ఎడంలో. 2500ని 6.25తో భాగిస్తే 400. రొద నాలుగొందల అరల్లోకి పంచుకుపోతుంది, సిగ్నల్ మాత్రం ఒక్క అరలోనే ఉంటుంది. 125వ వంతు అనుకున్నది ఆ అరలో రొదకి మూడు రెట్లు!

మెసేజ్ 77 బిట్లే. కాల్ సైన్‌కి 28, ఊరి చోటుకి 15 బిట్లు చాలు. దానికి 14 బిట్ల సీఆర్‌సీ, ఆపైన తప్పులు దిద్దే కోడ్ కలిపి 174 బిట్లు. స్వరానికి మూడు బిట్ల చొప్పున 58 స్వరాలు, టైమింగ్ పట్టుకోవడానికి ఇంకో 21, మొత్తం 79. ఒక్కోటి 0.16 సెకను. గుణిస్తే 12.64 సెకన్లు. ప్రతి 15 సెకన్లకి ఒక వంతు. ఊరి చోటు అన్నానుగా, దాన్ని గ్రిడ్ అంటారు. మనది ఎన్‌కే06. విజయవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం, మచిలీపట్నం, కొల్లేరు మొత్తం ఆ ఒక్క గడిలోనే.

ఎస్‌డీఆర్ ప్లస్ ప్లస్‌లో 14.074 పెట్టి, యూఎస్‌బీ మోడ్, 3 కిలోహెర్ట్జ్ వెడల్పు ఇచ్చి, ఆ ఆడియోని వర్చువల్ కేబుల్ ద్వారా డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌కి పంపాలి. (ఈ యూఎస్‌బీ మన పోర్టు కాదు, అప్పర్ సైడ్‌బ్యాండ్. నేను ఒక రోజంతా తికమకపడ్డా.) పంపాను. తెర మీద గీతలు పడుతున్నాయి, సిగ్నల్స్ ఉన్నట్టే ఉంది, ఒక్క మెసేజ్ కూడా రావట్లేదు. మూడు రోజులు! డ్రైవర్లు తీసి మళ్ళీ వేశా, కేబుల్ మార్చా. చివరికి చూస్తే లాప్‌టాప్ గడియారం నాలుగు సెకన్లు వెనక ఉంది. రెండున్నర సెకన్లు దాటితే ఈ మోడ్ పనిచేయదు. మీరు మాత్రం ముందు గడియారం సరిచేసుకోండి, మిగతావి తర్వాత. మెసేజ్‌లు వస్తున్నప్పుడు డీటీ అనే వరుస చూడండి. అందరిదీ ఒకేలా 0.7 చూపిస్తుంటే లోకమంతా తప్పుకాదు, మీ దగ్గరే ఏదో ఆలస్యం అవుతోంది.

గడియారం సరిచేశాక వంతుకి ఐదో ఆరో మెసేజ్‌లు వచ్చాయి, అంతే. ఒక సాయంత్రం కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది కదా, రొద తగ్గుతుందని సంబరపడ్డా. తగ్గకపోగా పెరిగింది. ఇన్వర్టర్ ఆన్ అయింది మరి! వెళ్లి దాన్ని ఆపేశా. తెర మీద పసుపు రంగంతా ఒక్కసారిగా నీలంగా మారింది. తర్వాతి వంతుకి 19 మెసేజ్‌లు. వైబీతో మొదలయ్యే కాల్ సైన్, ఇండోనేషియా, మైనస్ 19. లోపల్నుంచి మామ్మ అరుపు: "ఎవర్రా ఫ్యాను ఆపింది?"

తాతయ్య అరుగు మీద నుంచి లేచి వచ్చి తెర వైపు చూశాడు. "ఏమంటన్నార్రా?"

"ఇక్కడున్నాం అంటన్నారు తాతయ్యా."

"అంతేనా?"

అంతే. మర్నాడు స్విచ్‌బోర్డు దగ్గర ఒక్కొక్క స్విచ్చి ఆపుతూ తెర చూశా. దొంగలు ఇద్దరు: వరండాలో ఎల్‌ఈడీ బల్బు, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్. వాటిని మార్చాక ఫ్యాను తిరుగుతుండగానే 14, 15 వస్తున్నాయి. చెరువుల మీద ఏరేటర్ల మోటార్ల సంగతి మాత్రం నేనేమీ చేయలేను.

తాతయ్య అడిగిన "అంతేనా" నన్ను వదల్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు సంగతి మా ఊరికి ఆలస్యంగా తెలిసిందని ఆయన చెప్తుంటాడు. తుఫానుకి ఇది పనికొస్తుందా అని ఆయన ఉద్దేశం. నిజం చెప్పాలంటే ఎఫ్‌టీ8 సరిపోదు. సొంత మాటలకి 13 అక్షరాలే ఇస్తుంది. సెండ్ బోట్ నౌ అని ఇంగ్లీషులో రాస్తే ఖాళీలతో కలిపి సరిగ్గా 13. ఎక్కడికి పంపాలో రాయడానికి చోటు లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో భారతీ ప్రసాద్‌గారు ఉన్నారు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్ళిన బృందం అది. అండమాన్ కబుర్లు బయటికి చేరవేసింది మాటలతో, మైకులో. కానీ ఆ పనికి కూడా తీగ ఎంత పొడవు కట్టాలో, రొద ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియాలి. అది నాకు ఇప్పుడు తెలుసు.

పంపడానికి లైసెన్స్ కావాలి. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పెట్టే పరీక్ష అది. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ ఇస్తారు, మోర్స్ అక్కర్లేదు. నేను దానికే చదువుతున్నా. హాస్టల్లో ఈ డాంగిల్ పెట్టి చూశాను. ఫ్లోర్‌కి నలభై చార్జర్లు కదా, తెరంతా పసుపే. ఎవరికైనా టెర్రస్ తాళం ఇప్పించే దారి తెలిస్తే చెప్పండి, తీగ నా దగ్గర ఉంది.