బ్రేకులు లేని బండి: మొదటి పాఠం ఆగడమే



సంక్రాంతికి డాబా మీద గాలిపటం ఎగరేసినప్పుడు చేతికి తగిలే లాగుడు మీకు గుర్తుండే ఉంటుంది. అరచేతుల వెడల్పు కాగితం పటమే అయినా, గాలి కాస్త పెరిగితే దారం వేలిని కోస్తుంది. ఆ పటం నాలుగైదు చదరపు మీటర్లు ఉండి, దారం పట్టుకున్న మనిషి మూడు చక్రాల చిన్న బండిలో కూర్చుని ఉంటే ఏమవుతుంది? మనిషి, బండి కలిసి పరుగు తీస్తారు. ఈ ఆట పేరు కైట్ బగ్గీయింగ్. ఇంజన్ ఉండదు, పెట్రోలు ఉండదు. బ్రేకులు కూడా ఉండవు.

ఈ నెల పాఠానికి ఈ ఆటను ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. హైస్కూల్ పిల్లలు చదివే బలం, వేగం, ఘర్షణ, లంబకోణ త్రిభుజం ఇందులో ఒక్కచోట పనిచేస్తూ కనిపిస్తాయి. రెండో కారణం మన పెద్దవాళ్లది. ప్రమాదం ఉన్న పనిని పిల్లలకు పూర్తిగా మాన్పించాలా, లేక ఒక పద్ధతిలో నేర్పాలా? సైకిల్ దగ్గర, ఈత దగ్గర, రేపు స్కూటీ దగ్గర మనకు ఎదురయ్యే ప్రశ్నే ఇది.

నీళ్లు లేని సరస్సు

ఈ ఆటకు పేరున్న చోట్లలో ఒకటి అమెరికాలోని ఐవన్‌పా డ్రై లేక్. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో, మొహావీ ఎడారిలో ఉంది. మీ బంధువులు ఎవరైనా లాస్ ఏంజిలిస్ నుంచి లాస్ వేగాస్‌కు కారులో వెళ్లి ఉంటే, ఐ-15 హైవే మీద ఈ సరస్సును దాటే వెళ్లి ఉంటారు. వేగాస్ ఇంకా 65 కిలోమీటర్లు ఉందనగా రోడ్డు పక్కన చదునుగా, తెల్లగా కనిపించే నేల అదే.

చుట్టూ ఉన్న కొండల మీద వాన పడినప్పుడు నీళ్లు మెత్తని బంకమట్టిని మోసుకుని ఇక్కడికి చేరతాయి. బయటికి పోయే దారి లేదు. నీళ్లు ఆవిరైపోతాయి, మట్టి మిగులుతుంది. వేల ఏళ్లుగా ఇలా పేరుకున్న మట్టి క్రికెట్ పిచ్‌లా గట్టిగా, చదునుగా తయారైంది. చెట్టు లేదు, స్తంభం లేదు, కరెంటు తీగ అడ్డం రాదు. గాలిని ఆపేదీ లేదు, బండి గుద్దుకునేదీ లేదు.

ఈ నేలకూ నియమాలున్నాయి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ శాఖ దీన్ని చూసుకుంటుంది. గాలి బండ్ల వాళ్లు కూడా అనుమతి తీసుకుని రావాలి. నేల తడిగా ఉంటే బండి దింపకూడదు. తడి మట్టిలో పడిన చక్రాల గాడి ఎండాక రాయిలా గట్టిపడి, తర్వాత వచ్చే వాళ్ల బండిని తిరగేస్తుంది.

ఒక బడిపంతులు, ఆయన కూతురు

గాలిపటంతో బండి లాగించే ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు 1826లో ఇలాంటి బండికి పేటెంట్ తీసుకున్నాడు. దాని పేరు షార్‌వొలాంట్. అప్పట్లో రోడ్డు సుంకం బండికి కట్టిన గుర్రాల లెక్కన వసూలు చేసేవారు. ఈ బండికి గుర్రమే లేదు కాబట్టి సుంకం లేకుండా వదిలేసేవారట.

అదే పంతులు తన కూతురు మార్తాను కుర్చీలో కూర్చోబెట్టి, పెద్ద గాలిపటంతో ఆకాశంలోకి లేపాడు. అమ్మాయి క్షేమంగా దిగింది. పెద్దయ్యాక ఆమె క్రికెట్ చరిత్రలో నిలిచిపోయిన డబ్ల్యూ.జి. గ్రేస్‌కు తల్లి అయింది. పిల్లలకు ఈ కథ చాలా నచ్చుతుంది. చెప్పి ఊరుకోకండి, "ఆ తండ్రి చేసింది సరైనదేనా?" అని అడగండి. గాలి ఒక్కసారి తగ్గి ఉంటే మార్తా చేతిలో ఏముంది? దిగే దారి ఆమె చేతిలో లేదు. ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పటి కైట్ బగ్గీకి రూపం ఇచ్చింది న్యూజిలాండ్‌కు చెందిన గాలిపటాల తయారీదారు పీటర్ లిన్, 1990 ప్రాంతంలో. స్టీలు గొట్టాల చట్రం, నేలకు ఆనేంత కిందగా సీటు, మూడు చక్రాలు. ముందు చక్రాన్ని పాదాలతో తిప్పుతారు. ఎందుకంటే రెండు చేతులూ గాలిపటం దగ్గరే ఉండాలి.

మొదటి రోజు బండి ఎక్కనివ్వరు

పద్ధతిగా నేర్పేవాళ్లు కొత్తవాళ్లను నేరుగా బండిలో కూర్చోబెట్టరు. ముందు నేల మీద నిలబెట్టి, చిన్న పటం చేతికిస్తారు. ఈ పటానికి సాధారణంగా నాలుగు దారాలుంటాయి. ఒక్కో చేతిలో ఒక హ్యాండిల్, దానికి పైన ఒకటి, కింద ఒకటి. పై దారాలు లాగుడు దారాలు. కింది దారాలను లాగితే పటం గాలిని వదిలేసి కిందికి దిగుతుంది. కింది దారాలను మణికట్టుకు వేసుకున్న పట్టీలకు కూడా కడతారు. హ్యాండిళ్లు వదిలేస్తే బరువంతా కింది దారాల మీద పడి, పటం చప్పబడి నేలకు వాలుతుంది.

అంటే ఆపడానికి చేయాల్సింది ఒక్కటే, వదిలేయడం. వినడానికి సులువుగా ఉంది. కానీ ఏదైనా మనల్ని బలంగా లాగినప్పుడు చెయ్యి ఏం చేస్తుంది? ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. భయం వేస్తే పిడికిలి బిగుసుకోవడం మన శరీరం అలవాటు. అందుకే పటం మామూలుగా ఎగురుతున్నప్పుడే "వదులు" అనగానే వదలడం పదేపదే చేయిస్తారు. భయం వేసిన క్షణంలో ఆలోచించే తీరిక ఉండదు, అలవాటైన పనే చెయ్యి చేస్తుంది.

తర్వాతి పాఠం ఎక్కడ ఎంత లాగుడు ఉంటుందో తెలుసుకోవడం. గాలికి వీపు పెట్టి నిలబడితే, పటం ఎగరగలిగే చోటు మన ముందు సగం గొడుగులా ఉంటుంది. ఆ గొడుగు నడిమధ్యలో, కాస్త కిందుగా ఉన్నప్పుడు లాగుడు అన్నిటికంటే ఎక్కువ. అంచుల్లోనూ నడినెత్తి మీదా తక్కువ. కొత్తవాళ్లు పెద్ద పటాన్ని నడిమధ్యలో లేపి ముందుకు బోర్లాపడుతుంటారు. అంచు దగ్గర లేపడం నేర్చుకున్నాకే బండి. అందులోనూ మొదట కొద్ది దూరం పోవడం, పటాన్ని నెత్తి మీదికి తెచ్చి బండిని గాలికి ఎదురుగా తిప్పి ఆపడం. పోవడం, ఆపడం. ఆపడం చేతికి వచ్చేదాకా వేగం మాట ఎత్తరు.

గాలి రెట్టింపయితే లాగుడు రెట్టింపేనా?

కాదు. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గాలి గంటకు 15 కిలోమీటర్ల నుంచి 30కి చేరితే, అదే పటం మీద లాగుడు నాలుగు రెట్లు అవుతుంది. 45కి చేరితే తొమ్మిది రెట్లు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు గాలి పెరిగే కొద్దీ చిన్న పటం తీస్తారు. గాలి ఎక్కువైతే పటం మడిచి కూర్చుంటారు. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు "కొంచెం గాలే కదా" అనుకోకూడదని పిల్లలకు చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

గాలితో నడిచేది గాలిని మించిపోతుందా?

ఈ ప్రశ్నకు చాలామంది పెద్దలు కూడా "కుదరదు" అనేస్తారు. లెక్క వేసి చూద్దాం.

గాలి గంటకు 20 కిలోమీటర్లు వీస్తోంది. బండి గాలి పోయే దిక్కుకే పోతోంది. బండి వేగం 15 అయ్యేసరికి పటానికి తగిలే గాలి 5 మాత్రమే. 20 అయితే సున్నా, పటం వాలిపోతుంది. గాలి దిక్కులో నేరుగా లాగించుకుంటే గాలిని మించలేం.

ఇప్పుడు బండి గాలికి అడ్డంగా పోతోందనుకోండి. బండి కదిలితే ఎదురుగాలి పుడుతుంది. స్కూటర్ మీద ముఖానికి కొట్టే గాలి అదే. బండి వేగం 20 అయితే పక్క నుంచి 20, ఎదురుగా 20. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 400, 400 కలిపితే 800, దాని వర్గమూలం సుమారు 28. అంటే వేగం పెరిగే కొద్దీ తగిలే గాలి తగ్గకపోగా పెరిగింది. బండి వేగం 40 అయితే తగిలే గాలి సుమారు 45. అయితే ఇది అంతులేకుండా పెరగదు. వేగం పెరిగే కొద్దీ ఆ గాలి ముందు వైపు నుంచి రావడం మొదలవుతుంది, చక్రాల ఘర్షణ, గాలి అడ్డు వెనక్కి లాగుతాయి. ఒక చోట లెక్క సమానమవుతుంది. ఆ లోపే బండి గాలిని మించి ఉంటుంది.

దీనికి నిరూపణ ఐవన్‌పాలోనే జరిగింది. 2009 మార్చి 26న బ్రిటన్ ఇంజనీర్ రిచర్డ్ జెంకిన్స్ గ్రీన్‌బర్డ్ అనే గాలి వాహనాన్ని గంటకు 202.9 కిలోమీటర్ల వేగంతో నడిపి ప్రపంచ రికార్డు సాధించాడు. ఆ రోజు గాలి వేగం అందులో సగం కూడా లేదు. దానికి గాలిపటం బదులు నిలువు రెక్క ఉంటుంది, సూత్రం మాత్రం ఒక్కటే. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని గెయిర్డ్‌నర్ సరస్సు మీద గ్లెన్ ఆష్‌బీ 222.4 కిలోమీటర్లతో ఆ రికార్డును దాటాడు. అది కూడా ఎండిన ఉప్పు సరస్సే.

ఇంట్లో చేసి చూడండి

జామెట్రీ బాక్సులో 30, 60, 90 డిగ్రీల సెట్ స్క్వేర్ తీయండి. తెల్ల కాగితం మీద అడ్డంగా ఒక గీత గీయండి.

1. లంబకోణం దగ్గర కలిసే రెండు అంచుల్లో పొడవైనది గీత మీద ఆనేలా, సెట్ స్క్వేర్ గీతకు పై వైపు ఉండేలా పెట్టండి. 30 డిగ్రీల మొన గీతను తాకిన చోట చుక్క పెట్టండి.

2. సెట్ స్క్వేర్‌ను అటూ ఇటూ జరగకుండా నేరుగా 1 సెంటీమీటరు కిందికి జరపండి.

3. ఇప్పుడు వాలు అంచు గీతను ఎక్కడ కోస్తోందో అక్కడ ఇంకో చుక్క పెట్టండి. రెండు చుక్కల మధ్య దూరం కొలవండి.

సుమారు 1.7 సెంటీమీటర్లు వస్తుంది. సెట్ స్క్వేర్ కదిలింది 1, అదే సమయంలో కోత బిందువు కదిలింది 1.7. సెట్ స్క్వేర్ కదలిక గాలి అనుకోండి, వాలు అంచు పటం, గీత బండి చక్రాల దారి. 45 డిగ్రీల సెట్ స్క్వేర్‌తో ఎంత వస్తుందో ముందు పిల్లల్ని ఊహించమనండి, తర్వాత కొలవమనండి. పదో తరగతి పిల్లలైతే దీన్ని త్రికోణమితితో నిరూపించగలరు.

స్నేహితులు లేకుండా ఎందుకు వెళ్లరు?

ఎడారి సరస్సు మీదికి ఈ ఆటగాళ్లు గుంపుగా వెళ్తారు. ఒకరు పటం పట్టుకుని లేపడానికి సాయం చేస్తారు. ఒకరు దారాల ముడులు రెండోసారి చూస్తారు. చదును నేల మీద దూరం అంచనాకు అందదు, మధ్యాహ్నం ఎండమావులు కూడా తోడవుతాయి. ఎవరైనా పడితే చూసేవాళ్లు ఉండాలి. ఇద్దరు ఎదురెదురుగా వస్తే గాలి వచ్చే వైపున్న వాళ్లు పటాన్ని పైకి ఎత్తాలి, రెండో వాళ్లు కిందికి దించాలి. లేకపోతే దారాలు పెనవేసుకుంటాయి. "ఈరోజు గాలి ఎక్కువగా ఉంది, నువ్వు ఆగు" అని స్నేహితుడు అంటే చిన్నతనంగా అనుకోకపోవడం కూడా ఈ ఆటలో భాగమే. మన పిల్లలకు అలా అనే స్నేహితులు ఉన్నారా? మన పిల్లలు అలా అనగలరా?

మన డాబా మీద

మన దగ్గర ఎడారి సరస్సు లేదు. పిట్టగోడ లేని డాబాలు, వీధిలో కరెంటు తీగలు, బైకు మీద పోయేవాళ్ల మెడకు తగిలే మాంజా ఉన్నాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. మామూలు నూలు దారమే కొనివ్వండి. ఖాళీ మైదానం చూసుకోండి. తీగకు చిక్కిన పటాన్ని వదిలేయడం ముందే మాట్లాడుకోండి. పది రూపాయల పటం కోసం ఇనుప కడ్డీ పట్టుకుని తీగ దగ్గరికి వెళ్లే పిల్లవాడు కూడా "వదులు" అన్న పాఠం నేర్చుకోని వాడే.

మీ అమ్మాయి గానీ అబ్బాయి గానీ కొత్తగా ఏదైనా నేర్చుకుంటానంటే, "వద్దు, పడతావు" అనే ముందు ఈ మూడు ప్రశ్నలు కలిసి వేసుకోండి.

- దీన్ని ఆపడం ఎలా? ఆ పని నీ చేతిలోనే ఉందా?
- ఆపడం ఎన్నిసార్లు అభ్యాసం చేశావు?
- పక్కన ఎవరుంటారు?

మూడింటికీ జవాబు ఉంటే, సాయంత్రం మైదానానికి మీరూ వెంట వెళ్లండి. మొదటి రోజు ఆపడం మాత్రమే చేయించండి. జవాబు లేకపోతే ఆ రోజుకు ఆగడమే మంచిది, కారణం ఇప్పుడు పిల్లలకే తెలుస్తుంది.