నిత్య సింహాసనము – మారిపోవు సరిహద్దులు

వాక్య భాగము: దానియేలు 4వ అధ్యాయము
తోడుగా చదువవలసినవి: యెహెజ్కేలు 1, యిర్మీయా 29:4-7, యోహాను 19:19-20



దేవుడు నిత్యుడగు రాజు అని మనము ప్రతి ఆదివారము పాడుచున్నాము, ప్రార్థించుచున్నాము. సొంత ప్రాంతమునకు దూరముగా తరతరములుగా నివసించుచున్న మనకు ఆ మాట ఏమి నేర్పుచున్నదో ఈ పాఠములో ధ్యానింతము.

1. సాక్ష్యమిచ్చినది ఎవరు?

దేవుని నిత్య రాజ్యమును గూర్చి లేఖనములలో మిక్కిలి స్పష్టముగా సాక్ష్యమిచ్చినవారిలో ఒకడు అన్యుడు. అతడే బబులోను రాజైన నెబుకద్నెజరు. యెరూషలేమును పడగొట్టి, దేవాలయమును కాల్పించి, ప్రజలను చెరపట్టినది ఇతడే. దానియేలు 4వ అధ్యాయము ఇతడు సకల జనులకు, సకల భాషలవారికి వ్రాసిన ఉత్తరము.

ఒకనాడు అతడు తన నగరుమీద సంచరించుచు, ఈ మహా పట్టణము నా బలముచేతనే కట్టితినని అతిశయపడెను. ఆ మాట నోటనుండగానే అధికారము పోయెను, బుద్ధి పోయెను. పశువులతోకూడ గడ్డి మేసెను. నియమింపబడిన కాలము గడచిన తరువాత కన్నులెత్తి ఆకాశము తట్టు చూచినప్పుడు బుద్ధి తిరిగి వచ్చెను. అప్పుడు సర్వోన్నతుని ఆధిపత్యము తరతరములకు నిలుచునని ఒప్పుకొనెను. 145వ కీర్తన 13వ వచనములో దావీదు పాడిన సత్యమే దాదాపు అదే విధముగా ఈ అన్యరాజు నోట వచ్చినది.

ఇంకొక సంగతి గమనించుడి. దానియేలు గ్రంథములో 2వ అధ్యాయము 4వ వచనము నడుమనుండి 7వ అధ్యాయము చివరి వరకు గల భాగము హెబ్రీ భాషలో లేదు, అరామిక్ భాషలో ఉన్నది. మన బైబిలు దానిని సిరియా భాష అనుచున్నది. ఆ దేశములలో వ్యవహారములు నడచిన భాష అది. కనుక రాజు సాక్ష్యము చెరపట్టబడినవారి సొంత భాషలో కాక, వారు చేరిన దేశపు భాషలో మనకు అందినది.

2. రాజ్యములు గతించును

అంత గొప్ప బబులోను క్రీ.పూ. 539లో పారసీకుల వశమాయెను. తరువాత పారసీకులును, గ్రీకులును, రోమీయులును వచ్చిరి, పోయిరి.

మన ప్రాంతముల చరిత్రయు ఇదే చెప్పుచున్నది. పర్లాకిమిడి 1936 వరకు మద్రాసు రాజధానిలో ఉండి, ఆ సంవత్సరము ఏప్రిల్ 1న ఒడిశాలో చేరినది. బళ్లారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రములో కలిసినది. యానాం 1954లో ఫ్రెంచివారి పాలననుండి బయటపడినది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినది. ఒకే ఇంటిలో పుట్టి ఆ ఇంటిలోనే కన్నుమూసిన పెద్దలున్నారు. వారు ఇల్లు మారలేదు, చిరునామాలో రాష్ట్రము పేరు మారినది. సరిహద్దులు మనుష్యులు గీయుదురు, మనుష్యులే చెరుపుదురు. దేవుని సింహాసనమునకు ఆ మార్పు లేదు.

3. సింహాసనము క్రింద చక్రములు

చెరలోనివారికి ఒక గొప్ప సందేహముండెను. మన దేవుని సన్నిధి యెరూషలేములోనే ఉన్నదా? ఈ పరదేశములో మనకు దిక్కెవరు? కెబారు నదియొద్ద, చెరపట్టబడినవారి మధ్యనున్న యెహెజ్కేలునకు దర్శనములో జవాబు దొరికెను. అతడు చూచిన సింహాసనము క్రింద నలుదిక్కులకు కదలగల చక్రములున్నవి. ప్రజలు పోయిన చోటికి రాజు ముందే వచ్చియున్నాడు.

4. మనకు పాఠములు

అ) ఉన్న ఊరి క్షేమము కోరవలెను. యిర్మీయా చెరలోనివారికి వ్రాసిన ఉత్తరములో, ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుడని, ఆ పట్టణముకొరకు ప్రార్థన చేయుడని చెప్పెను. ఊరి కుళాయి, బడి, ఆసుపత్రి, పొరుగువారి కష్టము మన ప్రార్థనలో ఉండవలెను. ఎన్నికలలో ఎవరు గెలిచినను ఓడినను, మన రాజు గద్దె దిగలేదని యెరిగి భయము లేక జీవింపవలెను.

ఆ) చేతిలోని అధికారమునకు లెక్క చెప్పవలెను. నీతిగా నడుచుకొని బీదలయందు కరుణ చూపుమని దానియేలు రాజుకు ముందుగానే హితవు చెప్పెను (4:27). మనలో మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, చిన్న వ్యాపారస్థులు ఉన్నారు. మన జిల్లాలనుండి పనికొరకు క్రొత్తగా వచ్చినవారు మన చేతిక్రింద ఉన్నారు. వారి కూలి నిలుపుకొని, ఆదివారము దేవుడే రాజు అని పాడుట తగదు. సంఘములో పదవికొరకు పోరాడువారును నెబుకద్నెజరు మేడమీద పలికిన మాట జ్ఞాపకము చేసికొనవలెను.

ఇ) పిల్లలకు సాక్ష్యము అందవలెను. నేడు అనేక సంఘములలో ఇది నొప్పి గల ప్రశ్న. పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఒక పాట, ఒక పాఠము కావలెనని అడుగుదురు. పెద్దలు నొచ్చుకొందురు. పిల్లలు మెల్లగా మందిరము మానుదురు. తెలుగు ఆరాధన మన పితరులు విడిచిన స్వాస్థ్యము, దానిని కాపాడవలెను. సండే స్కూలులో అక్షరములు నేర్పవలెను. అయినను తెలుగు రానందున ఒక బిడ్డ రాజును ఎరుగకుండ పోయినయెడల ఆ నష్టమునకు మనమే ఉత్తరవాదులము. యేసు ప్రభువు సిలువమీద ఆయన రాజను పలక మూడు భాషలలో వ్రాయబడెను. దారిన పోవువారు అనేకులు దానిని చదివిరి. ఆయన ముండ్ల కిరీటము ధరించి, మన పాపములకొరకు ప్రాణము పెట్టి, తిరిగి లేచి ఏలుచున్నాడు. ఆ వార్త మన పిల్లలు చదువగల భాషలోను ఉండవలెను.

చర్చించుటకు ప్రశ్నలు

1. నెబుకద్నెజరునకు బుద్ధి ఎప్పుడు తిరిగి వచ్చెను? దానినుండి మనమేమి నేర్చుకొందుము?
2. మన ఊరి క్షేమముకొరకు మన సంఘము ఈ సంవత్సరము చేయగల ఒక పని ఏది?
3. మన సండే స్కూలులో తెలుగు చదువలేని పిల్లలెందరు? వారికొరకు ఏమి చేయుదము?

ప్రార్థన: నిత్యుడవైన రాజా, మేము నివసించు ఈ దేశభాగము నీదే. మా పనివారియెడల న్యాయమును, మా పొరుగువారియెడల ప్రేమను, మా పిల్లలయెడల ఓర్పును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమెన్.