పసుపు కొమ్ము, నాడె, ఒక లెక్క

సిరిసిల్ల

బిడ్డా,

జగిత్యాల హాస్టల్ నుంచి నువ్వు కంప్యూటర్‌లో గీసి పంపిన నలభై బొమ్మలూ పెద్దనాయిన చూశాడు. రంగులు బాగున్నాయి. అయితే ముప్పై బొమ్మలది ఒకటే పోలిక. మీట నొక్కితే రంగు మారిందే తప్ప, మనిషి ఏరుకున్న జాడ లేదు. అందుకే ఈ ఉత్తరం.

పసుపు తవ్వకానికి కోరుట్ల అమ్మమ్మ ఇంటికి వెళ్లినప్పుడు ఒక దుంపను మట్టి దులిపి చూడు. తల్లి దుంపకు కొమ్ములు, ఆ కొమ్ములకు మళ్లీ చిన్న కొమ్ములు. సాంచా మగ్గం మీద చీరలో బుటా అలా పెరగదు. ఎన్ని గజాలు నేసినా అదే బుటా, అదే కొలత. పెద్దనాయిన బతుకంతా నేసింది ఈ బుటానే. నువ్వు పట్టుకున్నది పసుపు కొమ్ము దారి. చిన్న ముక్కలోనూ మొత్తం పోలిక కనబడే ఇలాంటి ఆకారాలకు 1975లో బెన్వా మాండెల్‌బ్రాట్ ‘ఫ్రాక్టల్’ అని పేరు పెట్టాడు. దుంప రెండు మూడు మెట్ల దగ్గర ఆగిపోతుంది. గణితం ఆగదు.

నీ బొమ్మల వెనకున్న లెక్క ఇంతే: తెర మీద ప్రతి చుక్కకూ ఒక సంఖ్య. సున్నాతో మొదలుపెట్టి, వర్గం చేసి, ఆ సంఖ్యను కలపాలి. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి, మళ్లీ అదే కలపాలి. 1తో చేస్తే 0, 1, 2, 5, 26... పారిపోయింది. −1తో చేస్తే 0, −1, 0, −1... మగ్గంలో నాడె ఆడినట్టు అటూ ఇటూ అక్కడే. సున్నాకు 2 కంటే దూరం పోయిన చుక్క ఇక తిరిగి రాదు. ఎన్నో తడవకు దాటిందో చూసి దానికి రంగు వేస్తారు. ఎంతకీ దాటనివి నల్లగా మిగులుతాయి.

కాగితం మీద ఇది ఒక్కసారి చేశాకే కంప్యూటర్ తెరువు.

ఈ లెక్కను బొమ్మగా చూపే క్సావోస్ అనే ప్రోగ్రామ్ ఉచితం, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. 1996లో యాన్ హుబిచ్కా, థామస్ మార్ష్ దాన్ని తెచ్చారు. మౌస్ ఎడమ మీట పట్టుకుంటే లోపలికి, కుడి మీటతో వెనక్కి. నలుపు నడుమ ఎంత దిగినా నలుపే. సరుకంతా అంచులో ఉంది, అక్కడ తిరుగు. ‘జె’ నొక్కితే మౌస్ జరిగినకొద్దీ, ఇదే లెక్కకు చుట్టమైన జూలియా అనే బొమ్మ మారుతుంటుంది. ‘పి’ నొక్కితే రంగులు వాటంతటవే మారతాయి. నీ ముప్పై బొమ్మలూ ఆ ‘పి’ పుణ్యమే కాబోలు! మరీ లోతుకు పోతే బొమ్మ గడులు గడులుగా చెదురుతుంది. అది నీ తప్పు కాదు, కంప్యూటర్ పట్టుకోగల అంకెలు అయిపోయాయంతే.

బొమ్మ ఒక్కటే దాచుకుంటే లాభం లేదు. స్థానం రాసి ఉండే ఎక్స్‌పీఎఫ్ ఫైలును కూడా దాచుకో. చీర అమ్ముడుపోయినా జకార్డు అట్టలు ఉంటే మళ్లీ నేయొచ్చు కదా.

మంటల్లాంటి ఫ్లేమ్ బొమ్మలకు అపోఫిసిస్, మూడు కొలతల బొమ్మలకు మాండెల్‌బల్బర్ ఉన్నాయి. అవీ ఉచితమే. తొందరేం లేదు.

ఉగాదికి వచ్చేటప్పుడు ఐదే బొమ్మలు ఏరుకుని, ఫైళ్లతో సహా తీసుకురా. ఒకదాన్ని గ్రాఫు కాగితం మీద గడులు కట్టి, జకార్డుకు ఎక్కుతుందేమో పెద్దనాయిన చూస్తాడు.