ఇంటిపై సోలార్ పలకలు: కొందామా, అద్దెకు తీసుకుందామా?



పాల కేంద్రం వద్ద వరుసలో నిలబడినప్పుడు ఈ మధ్య ఒక ప్రశ్న తరచు వినవస్తున్నది. "కంపెనీ వారు మన పైసా పెట్టకుండానే డాబా మీద సోలార్ పలకలు పెడతామంటున్నారు. నెలకు ఇంతని అద్దె కడితే చాలునట. సంతకం చేయవచ్చునా?" పక్కనున్నవారు వెంటనే "అద్దె ఎందుకు, బ్యాంకు అప్పు తీసుకొని కొనుక్కో" అంటారు. ఇద్దరూ మేలు కోరే చెబుతారు గాని, కాగితం మీద లెక్క వేసి చెప్పేవారు తక్కువ. సంతకం పెడితే ఇరవై ఏండ్లు కట్టుబడి ఉండవలసిన వ్యవహారమిది. అందుచేత ఈ నెల పాఠంలో ఆ లెక్కను మనమందరం కలిసి వేసి చూద్దాం.

మనకు తెలిసిన పోలిక

ఒక రైతు బ్యాంకు అప్పుతో గేదెను కొంటాడు. కొన్నేండ్లు వాయిదాలు కడతాడు, మేత, వైద్యం తానే చూసుకుంటాడు. అప్పు తీరాక గేదె, దూడ, పాలు అన్నీ అతనివే. మరొక రైతుకు పాల వ్యాపారి గేదెను తోలిపెట్టి, "నెలకు ఇంత నాకు కట్టు" అంటాడు. చేతిలో డబ్బు లేనివానికి అది ఆదుకున్నట్లే ఉంటుంది. గేదె వట్టిపోయిన నెలలో కూడా కట్టాలా, ఏటేటా ఎంత పెంచుతాడు, చివరకు గేదె ఎవరిది అనే మూడు మాటలు ముందుగా తేల్చుకోకపోతే మాత్రం అదే మెడకు చుట్టుకుంటుంది. సోలార్ పలకల వ్యవహారం కూడా ఇంతే.

మొదట కరెంటు బిల్లు తీయండి

కొనాలా, అద్దెకు తీసుకోవాలా అనే ముందు అసలు పలకలు మనకు అవసరమా అని చూసుకోవాలి. పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకొని, నెలకు సగటున ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూడండి.

గృహ వినియోగానికి యూనిట్ ధర అందరికీ ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, 31 నుండి 75 వరకు రూ. 3.00, 76 నుండి 125 వరకు రూ. 4.50, 126 నుండి 225 వరకు రూ. 6.00, 226 నుండి 400 వరకు రూ. 8.75 చొప్పున ధర నిర్ణయించారు. సోలార్ కరెంటు వచ్చినప్పుడు ముందుగా తగ్గేది పై మెట్టులోని ఖరీదైన యూనిట్లే. పాల మీది మీగడ ముందు చేతికి వచ్చినట్లే ఇక్కడ కూడా మొదటి లాభం పెద్దది, తరువాతది చిన్నది.

ఈ టారిఫ్‌లో నెలకు 60 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ సగటు ధర రూ. 2.45 మాత్రమే. అటువంటి ఇల్లు పలకలు కొన్నా, అద్దెకు తెచ్చినా మిగిలేది ఏమీ ఉండదు. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబాలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. లేని బిల్లును ఏ పలకా తగ్గించలేదు.

పలకల దిగుబడి

మంచి ఎండ తగిలే చోట ఒక కిలోవాట్ పలకలు రోజుకు సగటున 4 యూనిట్ల వరకు ఇస్తాయి. వేసవిలో ఎక్కువ, ముసురు పట్టిన రోజులలో తక్కువ. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. వేపచెట్టు, కొబ్బరిచెట్టు, పక్కింటి మేడ నీడ పడితే దిగుబడి పడిపోతుంది. గడ్డి కోత యంత్రం దుమ్ము, పశువుల చావడి దుమ్ము పేరుకున్నా అంతే. నెలకు రెండుసార్లయినా నీళ్ళతో కడగాలి.

మరొక సంగతి చాలామందికి తెలియదు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన పలకలు కరెంటు పోయినప్పుడు తామూ ఆగిపోతాయి. లైను మీద పనిచేసే మనిషికి ప్రమాదం జరగకుండా చేసిన ఏర్పాటు అది. కనుక కోతలప్పుడు ఇంట్లో దీపాలు వెలుగుతాయని ఆశించి వీటిని పెట్టించుకోరాదు.

కొంటే ఎంత?

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ పథకాన్ని ఆరంభించింది. దీని కింద ఇంటి కనెక్షన్‌కు మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ. 30,000, మూడవ కిలోవాట్‌కు రూ. 18,000 సబ్సిడీ నిర్ణయించారు. మొత్తం రూ. 78,000 మించదు. పలకలు మన దేశంలో తయారైనవి కావాలి, నమోదైన విక్రేత ద్వారానే పెట్టించాలి. ఆ విక్రేత ఐదేండ్లు మరమ్మతు బాధ్యత వహించాలి. పని పూర్తయి తనిఖీ జరిగిన తరువాతనే సబ్సిడీ ఖాతాలో పడుతుంది కనుక అంతవరకు సొమ్ము మనమే సర్దుకోవాలి. సంఘ భవనానికి, పాల శీతలీకరణ కేంద్రానికి ఈ ఇంటి సబ్సిడీ వర్తించదు.

ఇక లెక్క. ఇందులోని ధరలు నేర్చుకోవడానికి వేసుకున్నవి. మీకు వచ్చిన ధరలను వీటి స్థానంలో వేసుకోండి.

నెలకు 250 యూనిట్లు వాడే ఇల్లు ఉన్నదనుకుందాం. రెండు కిలోవాట్ల పలకల ధర రూ. 1,30,000. సబ్సిడీ రూ. 60,000 పోగా మిగిలేది రూ. 70,000. దీనిని 7 శాతం వడ్డీకి ఐదేండ్ల అప్పుగా తీసుకుంటే నెల వాయిదా సుమారు రూ. 1,386. వడ్డీ మొత్తం సుమారు రూ. 13,000. ఇరవై ఏండ్లలో ఒకసారి ఇన్వర్టర్ మార్చడానికి రూ. 30,000, ఇతర మరమ్మతులకు రూ. 20,000 వేద్దాం. అంతా కలిపి రూ. 1,33,000.

దిగుబడి మొదటి ఏడు 2,800 యూనిట్లు. పలకల శక్తి ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది కనుక ఇరవై ఏండ్లకు 52,000 యూనిట్లుగా తీసుకుందాం. అంటే యూనిట్ మనకు పడిన ధర సుమారు రూ. 2.56.

అద్దెకైతే ఎంత?

అదే ఇంటికి అవే పలకలకు నెలకు రూ. 800 అద్దె, ఏటా 3 శాతం పెంపు, గడువు ఇరవై ఏండ్లు, మరమ్మతులు కంపెనీవి అనుకుందాం. మొదటి ఏట కట్టేది రూ. 9,600, యూనిట్ రూ. 3.43 పడుతుంది. ఇరవయ్యవ ఏటికి నెల అద్దె రూ. 1,400 దాటుతుంది, దిగుబడి మాత్రం తగ్గి ఉంటుంది. అప్పుడు యూనిట్ రూ. 6.87 పడుతుంది. ఇరవై ఏండ్లలో కట్టిన మొత్తం సుమారు రూ. 2,58,000.

రెండింటినీ పక్కపక్కన పెడితే

పై టారిఫ్ ప్రకారం ఈ ఇంటికి మొదటి ఏడు నెలకు సుమారు రూ. 1,200 బిల్లు తగ్గుతుంది. అద్దెకు తీసుకున్నవారికి మొదటి నెల నుండే రూ. 400 మిగులుతుంది. కొన్నవారు ఐదేండ్లపాటు నెలకు రూ. 180 పైగా చేతి నుండి వేసుకోవాలి. అందుకే అద్దె తీపిగా కనబడుతుంది. ఐదేండ్లు గడిచిన తరువాత కొన్నవారికి తగ్గిన బిల్లంతా మిగులే, అద్దెవారి మిగులు మాత్రం ఏటేటా తరుగుతుంది.

ఇక్కడ న్యాయంగా మరొక మాట చెప్పాలి. ఇరవయ్యవ ఏట కట్టే రూపాయికి నేటి రూపాయి విలువ ఉండదు. కనుక రూ. 2,58,000 నుండి రూ. 1,33,000 తీసివేసి అంతా నష్టమనడం తప్పు. 7 శాతం వడ్డీ వచ్చే బ్యాంకులో ఈ రోజు ఎంత వేస్తే ఆ ఖర్చులన్నీ తీరుతాయో చూడడం సరియైన పద్ధతి. అలా చూస్తే అద్దెకు సుమారు రూ. 1,28,000, కొనుగోలుకు సుమారు రూ. 96,000 వేయాలి. అసలు తేడా రూ. 32,000.

ఇప్పుడు ఏటా 3 శాతం పెంపు అనే ఒక్క పంక్తిని ఒప్పందం నుండి తీసివేయండి. ఇరవై ఏండ్లూ రూ. 800 అద్దే ఉంటే వేయవలసినది సుమారు రూ. 1,02,000. అంటే కొనుగోలుకు దగ్గరగా వచ్చింది, మరమ్మతుల బాధా తప్పింది. దీనినిబట్టి మేము చెప్పదలచినది ఒక్కటే. అద్దె అనే మాటలో మోసం లేదు, కొనుగోలు అనే మాటలో మహిమ లేదు. మంచిచెడులు ఒప్పందంలోని పంక్తులలో ఉన్నాయి. పాలకు వెన్న శాతం చూడకుండా ధర ఒప్పుకోని మనం ఈ కాగితాన్ని చదవకుండా ఒప్పుకోరాదు.

సంతకానికి ముందు అడగవలసినవి

1. సబ్సిడీ ఎవరికి పోతున్నది? కంపెనీకి పోతే, ఆ మేరకు అద్దె ఎంత తగ్గించారో కాగితం మీద చూపాలి. లేనిచో మన సబ్సిడీకి మనమే అద్దె కట్టినట్లవుతుంది.

2. అద్దె ఏటా పెరుగుతుందా? "కరెంటు ధర ఇంకా ఎక్కువ పెరుగుతుంది" అని కంపెనీ మనిషి చెబితే, పెరగకపోతే మన లెక్క ఏమవుతుందని అడగండి.

3. నెల అద్దెనా, యూనిట్ లెక్కనా? నెల అద్దె అయితే పలకలు చెడి ఆగినా కట్టవలసి రావచ్చు. యూనిట్ లెక్క అయితే వచ్చిన కరెంటుకే కడతాం. పాలు కొలిచి ధర ఇచ్చినట్లు ఇది న్యాయమైన పద్ధతి.

4. చెడితే ఎన్ని రోజులలో బాగుచేస్తారు? గాలివానకు, పిడుగుకు బీమా ఎవరిది?

5. గడువు తరువాత పలకలు ఎవరివి? వీటి ఆయుష్షు 25 ఏండ్లు. చివరి ఐదేండ్ల ఉచిత కరెంటు ఎవరికి దక్కుతుందో రాసి ఉండాలి.

6. మధ్యలో పై అంతస్తు వేయాలన్నా, ఇల్లు అమ్మాలన్నా, అన్నదమ్ములు పంచుకోవాలన్నా ఏమి చేయాలి? సంతకం చేసినవారు కాలం చేస్తే బాకీ ఎవరిది? ఇరవై ఏండ్లలో ఏ ఇంట్లోనైనా ఇవి జరిగేవే.

ఎవరికి ఏది మేలు?

సొంత డాబా ఉండి, నెలకు 200 యూనిట్లకు పైగా బిల్లు కడుతూ, బ్యాంకు అప్పు పుట్టే కుటుంబానికి సాధారణంగా కొనుగోలే మేలు. పాల బిల్లులో నుండి ఐదేండ్లు వాయిదా కట్టగలమా అనేది వట్టి నెలలను కూడా లెక్కించి చూసుకోవాలి.

అప్పు పుట్టనివారికి, మరమ్మతులు చూసుకొనే మనిషి ఇంట్లో లేనివారికి అద్దె పనికివస్తుంది. అయితే పెంపు లేకుండా, గడువు చివర పలకలు మనకే చెందేటట్లు ఉండాలి.

పెంకుటింటివారు, రెండు మూడేండ్లలో పై అంతస్తు వేయదలచినవారు, బిల్లు తక్కువ వచ్చేవారు ప్రస్తుతానికి రెండింటికీ దూరంగా ఉండడం మంచిది.

సంఘం ఏమి చేయగలదు?

పాడికి పేరుపడిన గుజరాత్‌లోని ఆణంద్ ప్రాంతంలో ధూండి అనే గ్రామ రైతులు 2016లో సౌర విద్యుత్ సహకార సంఘం పెట్టుకొన్నారు. సోలార్ పంపులలో మిగిలిన కరెంటును, మనం పాలు పోసినట్లు, కలిసి విద్యుత్ సంస్థకు అమ్ముకున్నారు. మనం అంతదూరం ఇప్పుడే పోకపోయినా, పలకలు కావలసిన పదిమంది సభ్యులు కలిసి ముగ్గురు విక్రేతల వద్ద ధరలు తీసుకోవచ్చు. అద్దె ఒప్పందం కాగితాన్ని తెలుగులో చదివించి వినవచ్చు. ఒంటరిగా అడిగినవారికి దొరకని సవరణ పదిమంది అడిగితే దొరుకుతుంది.

కార్యదర్శులకు మనవి: ఈ పాఠాన్ని సభ్యుల సమావేశంలో చదివి వినిపించండి. ఒక సభ్యుని పన్నెండు నెలల బిల్లులు తెప్పించి, ఆ లెక్కను అందరి ముందు బోర్డు మీద వేయించండి. లెక్క తేలే వరకు ఎవరూ సంతకం చేయవద్దని చెప్పండి.