యోజనాల లెక్క

పాఠ్యభాగ ఉద్దేశం

సుదూరపు ఈతను సాధన చేసేవారు ఏడాది పొడవునా తాము ఈదిన దూరాన్ని లెక్క రాసుకొంటారు. ఆ లెక్కలోని క్రమశిక్షణను, నిజాయితీని ఒక రామాయణ ఘట్టంతోను, ఉద్దానం తీరవాసుల అనుభవంతోను సమన్వయించి విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వాల్మీకి రామాయణం కిష్కింధకాండ చివర ఒక చక్కని ఘట్టం ఉంది. సీతాన్వేషణకు బయలుదేరిన వానరవీరులు దక్షిణ సముద్రతీరాన నిలిచారు. ఎదుట నూరు యోజనాల కడలి. ఎవరెంత దూరం లంఘించగలరని అంగదుడు ప్రశ్నించాడు. పది యోజనాలని గజుడు, ఇరవై అని గవాక్షుడు, ముదిమి పైబడినందున తొంభై మాత్రమేనని జాంబవంతుడు పలికారు. నూరు యోజనాలూ దాటగలను గాని, తిరిగి రాగలనో లేనో చెప్పలేనన్నాడు అంగదుడు. ఆ సభలో ఎవరూ తమ బలాన్ని పెంచి చెప్పలేదు. పోవడంతోపాటు మరలి రావడాన్ని కూడా లెక్కలోకి తీసుకొన్న అంగదుని మాట నాకు ఎన్నటికీ మరపురానిది.

నేటి కాలంలో అటువంటి లెక్క వేసుకొనేవారు సుదూరపు ఈతగాళ్ళు. వీరిలో పలువురు ఉద్యోగాలు, సంసారాలు గల నడివయస్కులు. ప్రతిదినం ఈత ముగియగానే ఎంత దూరం ఈదినదీ, ఎంత సమయం పట్టినదీ, శరీరం ఎట్లున్నదీ ఒక పుస్తకంలో రాసుకొంటారు. రోజుకు 4 కిలోమీటర్ల చొప్పున వారానికి 5 రోజులు, ఏడాదికి 50 వారాలు ఈదితే మొత్తం 1,000 కిలోమీటర్లవుతుంది. ఇచ్ఛాపురం నుండి తడ వరకు గల మన ఆంధ్రతీరం పొడవు కూడా దాదాపు అంతే. 25 మీటర్ల కొలనులో 4 కిలోమీటర్లు ఈదాలంటే ఆ చివరి నుండి ఈ చివరికి 160 మార్లు పోవాలి. ఒక్కొక్క మారుకు 20 బారలు వేసినా, ఏడాదికి 8 లక్షల బారలు!

ఇన్ని బారల భారాన్ని మోసేది భుజం కీలు. దూరాన్ని ఒక్కసారిగా పెంచితే ఆ కీలు చుట్టూ ఉన్న కండరాలు, స్నాయువులు వాచి, చేయి పైకెత్తడమే కష్టమవుతుంది. కనుకనే వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. మధ్య మధ్య విశ్రాంతి దినాలుండాలి. ఈదని రోజును ఈదినట్లు రాసుకొన్నవాడు మోసగించేది తన్నుతానే. పుస్తకాన్ని నమ్మించవచ్చును గాని నీటిని నమ్మించలేము.

ఇంగ్లీషు చానెల్ వెడల్పు అత్యంత ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్లు. మాథ్యూ వెబ్ 1875లో దానిని 21 గంటల 45 నిమిషాలలో దాటాడు. 1958లో మిహిర్ సేన్ ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యాడు. 1959లో ఆరతీ సాహా తొలి ప్రయత్నంలో, తీరం కొద్ది మైళ్ళ దూరంలో ఉండగా ప్రతికూల ప్రవాహం వల్ల విరమించవలసి వచ్చింది. ఆమె నిరాశ చెందక, సెప్టెంబరు 29న మరల ప్రయత్నించి, ఆ చానెల్‌ను ఈదిన తొలి ఆసియా మహిళగా కీర్తి గడించింది. ఆనాడు ఆగి ఉండకపోతే ఈ విజయం ఉండేదా?

మన తెలుగునాట సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నడివయస్సులో ఈత నేర్చుకొన్నది. 2021 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నార్ నుండి ధనుష్కోటి వరకు సుమారు 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషాలలో ఈదింది. వానరులు సేతువు కట్టారని మనం చెప్పుకొనే జలాలే అవి! 2024 డిసెంబరు చివరి వారంలో విశాఖపట్టణంలో బయలుదేరి, దినదినమూ కొంత దూరం ఈదుతూ, 2025 జనవరి మొదటివారంలో కాకినాడ చేరింది. అప్పటికి ఆమె వయస్సు 52 ఏళ్ళు. ఈదిన దూరం 150 కిలోమీటర్లు. అది మన శ్రీకాకుళం జిల్లా తీరంలో నాలుగింట మూడు వంతులకు మించిన దూరం.

ఈ లెక్క విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. నేను టెక్కలిలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో మా తరగతిలో ఉద్దానం నుండి వచ్చిన ఒక మిత్రుడుండేవాడు. ఎండు కొబ్బరికాయలు జతగా నడుముకు కట్టి నాకు చెరువులో ఈత నేర్పినవాడతడే. చెరువును ఆగకుండా నాలుగుమార్లు దాటగలవాడు. కార్తికమాసంలో వనభోజనాలకు సముద్రతీరానికి పోయినప్పుడు, అలలు విరగక ప్రశాంతంగా కనిపించిన చోట నీటిలోకి దిగాడు. తిరిగి రాలేదు. ఒడ్డున వల బాగుచేసుకొంటున్న ముదుసలి ఒకాయన మా దగ్గరకు వచ్చి, “ఎల్లడం మన సేతిలో ఉంది బాబూ! రావడం దాని సేతిలో ఉంది” అన్నాడు. అంగదుని మాటే అది.

ఆ ప్రశాంతత మోసకరమైనదని తరువాత తెలుసుకొన్నాను. ఒడ్డును తాకిన నీరు ఇరుకైన పాయగా ఏర్పడి వడిగా లోపలికి మరలిపోతుంది. అక్కడ అలలు విరగవు. ఆ పాయలో చిక్కినవాడు ఒడ్డుకేసి ఎదురీదితే అలసిపోతాడు. తొణకక తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటిన తరువాతనే ఒడ్డుకు మళ్ళాలి. ఒడ్డున ఉన్నవారు తాము దూకక, తాడో తేలే వస్తువో విసిరి, జాలరులను పిలవాలి.

బారువ, భావనపాడు తీరాల మత్స్యకారులకు ఈ సంగతులు కొత్తవి కావు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తీరప్రవాహం దక్షిణానికి, ఫిబ్రవరి నుండి మే వరకు ఉత్తరానికి సాగుతుందని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. జాలరి దానిని వల లాగే చేతులతో తెలుసుకొంటాడు. ఈతగాని పుస్తకం ఎటువంటిదో, అతని జ్ఞాపకం అటువంటిది. అనుభవాన్ని లెక్కగా దాచుకోవడమే రెండింటి పరమార్థం.

విద్యార్థులారా! మీలో కొందరు ఈత నేర్చినవారు, కొందరు నేర్వనివారు. నేర్వనివారు పెద్దల పర్యవేక్షణలో నేర్చుకోండి; వయస్సు మించిందని ఎన్నడూ అనుకోకండి. నేర్చినవారు తమ యోజనాలెన్నో నిజాయితీగా తెలుసుకోండి. చదువులోనైనా, సాహసంలోనైనా దాటగల దూరంతోపాటు తిరుగుదారిని కూడా లెక్కించుకొన్నవాడే ధీరుడు. నా మిత్రునికి ఆ లెక్క చెప్పినవారు లేరు. మీకు చెప్పడానికి నేనున్నాను.

కఠిన పదాలకు అర్థాలు

లంఘించు = దూకు, దాటు
ముదిమి = ముసలితనం
బార = ఈతలో చేయి చాచి నీటిని వెనుకకు తోయడం
స్నాయువు = కండరాన్ని ఎముకతో కలిపే నరం వంటి పట్టీ
పాయ = ప్రవాహపు చీలిక
తొణకక = కలత చెందక

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. అంగదుని మాటలోని వివేకాన్ని వివరించండి.
2. ఈతగాళ్ళు దూరాన్ని క్రమంగా పెంచవలసిన అవసరమేమి?
3. సముద్రపు పాయలో చిక్కినవారు ఎట్లా బయటపడాలి?

సందర్భసహిత వ్యాఖ్యలు

1. పుస్తకాన్ని నమ్మించవచ్చును గాని నీటిని నమ్మించలేము.
2. ఎల్లడం మన సేతిలో ఉంది బాబూ!